ఆఖరి పేజీ నుంచి

“నీ భార్య ఆ పుస్తకాలన్నీ తిరగేసి చదువుతోంది కోదండం” అన్నాడు పరంధామయ్య.

లాడ్జి కౌంటరు మీద తాళాలు పెట్టబోతున్న కోదండం చెయ్యి అక్కడే ఆగిపోయింది.

పరంధామయ్య యూనివర్సిటీలో లెక్చరరు. గుళ్లలో శిల్పాలు చూడటానికి వచ్చిన ఒక జపానాయన్ని పోయిన నెల ఈ లాడ్జిలో దించింది ఆయనే. ఆ అతిథి వెళ్తూ వెళ్తూ తన బొమ్మల కథల పుస్తకాలు ఐదింటిని, గదులు చూసుకునే కోదండానికి ఇచ్చేశాడు. వాటిని మాంగా అంటారని లెక్చరరు చెబితే, మామిడికాయలకూ వీటికీ ఏం సంబంధమో తెలియక కోదండం అప్పట్లో తల గోక్కున్నాడు.

ఈవేళ ఆయన కనబడగానే కోదండం ఆ పుస్తకాల గొప్ప మొదలుపెట్టాడు. భాష రాకపోయినా తన భార్య బొమ్మలు చూసి కథలల్లి చెబుతోందన్నాడు. కత్తివీరుల పుస్తకంలో మంచులో చచ్చి పడున్నవాడు లేచి, కత్తి ఒరలో పెట్టుకుని, ఇంటికి పోయి తల్లి చేతి ముద్ద తిన్నాడట. జుట్టు విరబోసుకున్న దయ్యం చివరికి అద్దం ముందు జడ వేయించుకునే మామూలు పిల్ల అయిందట. ప్రేమ కథలో రైలెక్కి పోయినవాడు మళ్లీ ఆ అమ్మాయి దగ్గరికే వచ్చాడట. ఇక నాలుగో దాంట్లో దొంగపిల్లి నోట్లోంచి చేపలు తీసి బుట్టలో సర్దిపెట్టిందట. అంత మర్యాద తెలిసిన పిల్లిని తిరుపతిలో తాను చూడలేదన్నాడు.

“ఆ దేశం కథలు మంచివి సార్. పోయినోళ్లు మళ్లా వచ్చేస్తారు” అని ముగించాడు.

అప్పుడే పరంధామయ్య, ఆమె తిరగేసి చదువుతోందన్నాడు. జపాను పుస్తకం మనకు ఆఖరి అట్ట అనిపించే చోట మొదలవుతుందని, కుడి నుంచి ఎడమకు చదవాలని వివరించాడు. కత్తివీరుడు నిజానికి తల్లి దగ్గర తిని బయల్దేరి మంచులో చచ్చిపోతాడు. రైలెక్కినవాడు తిరిగి రాడు. లెక్చరరు మంచి మనిషే గానీ, తప్పు కనబడితే దిద్దకుండా ఉండలేడు. సాయంత్రం ఇంటికి వచ్చి ఆమెకు చదివే పద్ధతి నేర్పిస్తానన్నాడు.

కోదండం ఆయన చేతులు పట్టుకున్నాడు.

“వద్దు సార్. మా పాప పోయినాక ఆమె నోరు తెరిచింది ఈ పుస్తకాలొచ్చినాకనే.”

పరంధామయ్య సాయంత్రం రానని మాటిచ్చి వెళ్లిపోయాడు.

కొర్లగుంటలోని అద్దె గదికి నడుస్తున్నంతసేపూ కోదండం ఈ సంగతి ఇంట్లో చెప్పకూడదనే అనుకున్నాడు. అతని భార్య మునిలక్ష్మి బడి ముఖం చూసిన మనిషి కాదు. బస్సు నెంబరు, కేలండరులో తేదీ పోల్చుకోవడం వరకే వచ్చు. తను నోరు జారకపోతే ఆమెకు నిజం చెప్పేవాళ్లే లేరు. తనకూ ఈ సంగతి ఇవాళే తెలిసింది. తానెప్పుడూ పుస్తకం వైపు చూడలేదు, కథ చెబుతున్న ఆమె ముఖం వైపే చూసేవాడు.

ఇంట్లో దీపం పెట్టి ఉంది. మునిలక్ష్మి పళ్లెంలో వేడి సంగటి, ఊరిబిండి పచ్చడి వేసి ముందు పెట్టింది. ఐదో పుస్తకం ఆమె ఒళ్లో ఉంది. ఇన్నాళ్లూ ఇంకో రోజు, ఇంకో రోజు అని దాన్ని దాటవేస్తూ వచ్చింది.

“ముద్ద ఎత్తు. చెప్తా” అంది ఎప్పటిలాగే.

మొదటి బొమ్మలో గోడకు ఆడపిల్ల పటం. పటం ముందు పూలు. నల్లబట్టల్లో తలలు వంచుకుని కూర్చున్న తల్లీ తండ్రీ. కోదండం చేతిలో ముద్ద చేతిలోనే ఉండిపోయింది. అతను తినేదాకా ఆమె పేజీ తిప్పలేదు.

తర్వాత ఆ పిల్ల మంచం మీద కళ్లు తెరిచింది. లేచి కూర్చుంది. సంచి తగిలించుకుని బడికి పోయింది. పేజీ తిప్పేకొద్దీ చిన్నదవుతూ, పాలపళ్లతో నవ్వింది, గోడ పట్టుకుని నడిచింది, నేల మీద పాకింది. నిన్నటి కోదండమైతే ఈ కథకు ఎంత సంతోషించేవాడో. ఈ రోజు ఒక్కో పేజీ అతన్ని కోసేసింది.

“సూడయ్యా. వాళ్ల నాయన ఎత్తుకోనుండాడు. అయిపాయ కథ” అని మునిలక్ష్మి ఆఖరి బొమ్మ చూపించింది. పొత్తిళ్లలో పసిబిడ్డ.

కోదండం ఏడ్చేశాడు. దాచుకోవాలని దారంతా అనుకున్న మాట నోట్లోంచి దూకేసింది.

“అది ఆకరు కాదు మే. అదే మొదులు. ఈ పుస్తకాలు ఆ పక్కనించి చదవాలంట.”

అన్నాక భయపడి ఆమె ముఖంలోకి చూశాడు. మునిలక్ష్మి అదరలేదు, ఏడవలేదు. పుస్తకం మూసి, అతని పళ్లెంలో ఇంకాస్త సంగటి పెట్టింది.

“పేజీల కింద అంకెలుండాయి గదయ్యా. నాకు మొదటి దినమే తెలిసింది.”

“తెలిసీ ఎందుకట్ట తిప్పి చెప్పినావు?”

“పాప పోయినాక నువ్వు కడుపుకు తినింది నేనిట్ట చెప్తేనే గదా” అంది ఆమె, నీళ్ల చెంబు అతని వైపు జరుపుతూ. “ఆ పక్కనించి, నువ్వు పనికి పొయ్యినాక నేనొక్కదాన్నే సూసుకుంటా ఉండానులే.”