థ్రెల్‌ఫాల్ గారి కుర్చీ

“వరసలో రండమ్మా!” అని ఎవరో అరిచారు. మ్యూరియల్ వినిపించుకోలేదు.

శనివారం పొద్దున వెదర్‌క్లఫ్ లైబ్రరీలో పార్లమెంటు మెంబరు ఆర్నల్డ్ థ్రెల్‌ఫాల్ జనం గోడు వింటాడు. మురుగు కాలవలు, పింఛన్లు, పక్కింటి కుక్క. ఆ గోడులన్నిటినీ దాటుకుని ఆమె ఆయన బల్ల ముందుకు వెళ్లి నిలబడింది.

“మంగళవారం ఓటెందుకు వెయ్యలేదు?”

ముసలాయన కళ్లజోడు తీశాడు. “కూర్చో తల్లీ.”

“కూర్చోను. మన కాన్పుల వార్డు మూసెయ్యాలా వద్దా అని ఓటింగు. మూయనివ్వనని గడప గడపకీ తిరిగి మాటిచ్చారు. తీరా చూస్తే మీ పేరే లేదు.”

“అవతలి పక్షం మెంబరొకాయనతో జోడీ కుదుర్చుకున్నాను. ఆయన రాలేని పరిస్థితి. అందుకని నేనూ వెళ్లలేదు. రెండు ఓట్లూ చెల్లుకు చెల్లు.”

“ఎవరాయన?”

“జోడీ పేరు బయటపెట్టే ఆచారం లేదు.”

“ఎగ్గొట్టిన ప్రతివాడూ చెప్పే మాటే అది! పోనీ, ఆ సాయంత్రం మీరెక్కడున్నారు?”

“కూర్చున్నాను.”

“ఎక్కడ?”

“ఒక కుర్చీలో.”

వరసలో వాళ్లు గొల్లున నవ్వారు. ఆయన నవ్వలేదు.

“మీ తమ్ముడు ఫోన్ చేస్తుంటాడా?” అని మెల్లిగా అడిగాడు.

“మా తమ్ముడి ఊసెందుకిప్పుడు? మాట మార్చకండి!”

మ్యూరియల్ ఆ వార్డులో మంత్రసానిగా పనిచేసి రిటైరైంది. తమ్ముడు డెస్మండ్ పుట్టిందీ అక్కడే. తల్లి పోతే వాణ్ణి పెంచింది ఈమే. వాడిప్పుడు దక్షిణాన ఏదో సముద్రపుటొడ్డు ఊరికి మెంబరు, అదీ అవతలి పార్టీలో. క్రిస్మస్‌కి వస్తాడు. పుడ్డింగు బల్ల మీదికి వచ్చేలోపే అక్కాతమ్ముళ్లకి యుద్ధం మొదలవుతుంది.

ఉద్యోగం మానాక ఆమెకు తోచక ఒక వెబ్‌సైటు పెట్టింది. తమ ఊరి మెంబరు వేసిన ఓట్లు, సభలో మాట్లాడిన మాటలు, పెట్టిన ఖర్చులు అన్నీ అందులో ఎక్కిస్తుంది. ఖర్చులు భూతద్దం పెట్టి వెతికినా చవక రైలు టిక్కెట్లు తప్ప ఏమీ దొరక్క ఆమెకు మంటగా ఉండేది. మాటలంటారా, అవన్నీ మురుగు కాలవల గురించే. ఇక ఓట్లకి ఉన్నవి రెండే గళ్లు: వేశాడు, వెయ్యలేదు. జోడీకి గడి లేదు.

ఇంటికొచ్చినా ఆమె కాలు నిలవలేదు. టీ పెట్టుకుని తాగడం మరిచిపోయింది. చివరికి కూర్చుని ఒక్క వాక్యం కొట్టింది: “వార్డు పోతుంటే మన మెంబరు కుర్చీలో కూర్చున్నాడు.”

ఊరికి అంతే కావలసింది. మర్నాటికల్లా సంత వీధిలో ఒక విరిగిన కుర్చీ వెలిసింది, థ్రెల్‌ఫాల్ పేరుతో. చేపల కొట్టువాడు సైతం, “ఏం మెంబరుగారూ, నిలబడ్డారేం, కుర్చీ తెప్పించనా?” అనడం మొదలుపెట్టాడు.

డెస్మండ్ ఫోన్ చేశాడు. “అక్కా, ఆ పెద్దాయన్ని వదిలెయ్.”

“గొంతేమిట్రా అలా ఉంది?”

“జలుబు.”

“వదలను. మీరంతా ఒక తానులో గుడ్డలే. నువ్వు మూసెయ్యమనే వేసుంటావు. చూస్తే ఇక నీతో మాట్లాడలేనని నీ ఓటు మాత్రం తెరిచి చూడలేదు.”

అవతల నుంచి దగ్గు వినిపించింది.

“మంచి పని చేశావు” అన్నాడు డెస్మండ్.

ఎన్నికలొచ్చాయి. డెస్మండ్ అలసిపోయానంటూ పోటీ చెయ్యలేదు. ఓటమికి జడిశాడనుకుంది మ్యూరియల్. థ్రెల్‌ఫాల్ పోటీ చేసి చిత్తుగా ఓడాడు.

కౌంటింగు హాలు మెట్ల మీద ఆయనే ఆమెను పలకరించాడు. “నీ లెక్కలో తప్పేం లేదు తల్లీ. నేను వెయ్యలేదు.”

గెలిచినట్టుండాల్సింది. ఉండలేదు. వార్డు ఎలాగూ మూతపడింది. పడుకున్నా లేచినా ఆయన అన్న ఆ మాటే ముల్లులా గుచ్చేది.

ఆకులు రాలే రోజుల్లో థ్రెల్‌ఫాల్ గుండె ఆగి పోయాడు.

ఎందుకు వెళుతోందో తెలియకుండానే ఆమె చర్చికి వెళ్లింది. వెనక బెంచీలో కూర్చుంది. ముందు వరసలో బక్కపలచని మనిషొకడు, నెత్తిన ఊలు టోపీ. చర్చిలో మగవాళ్లెవరూ టోపీ ఉంచుకోరు.

“పోయినవాడికి ఆ మాత్రం మర్యాదైనా లేదా?” అని పక్కావిడ గొణిగింది. మ్యూరియల్‌కీ ఒళ్లు మండింది.

శవపేటికకు భుజం పట్టి ఆ మనిషి ఇటు తిరిగాడు. డెస్మండ్!

సమాధి దగ్గర పని అయ్యేదాకా ఎలా ఆగిందో ఆమెకే తెలియాలి. అందరూ కదలగానే వెళ్లి వాడి చెయ్యి పట్టుకుంది.

“మీ పార్టీ మనిషి కాదు, నీకు చుట్టం కాదు. ఇక్కడ నీకేం పనిరా? ముందా టోపీ తియ్!”

తీశాడు.

తల మీద ఒక్క వెంట్రుక లేదు. కనుబొమలూ లేవు. ఆసుపత్రిలో బతుకంతా పనిచేసిన మ్యూరియల్‌కి ఇంకెవరూ చెప్పక్కర్లేదు.

“ఎప్పట్నించి?” అంది.

“వసంతం నుంచి. ఆపరేషన్ చేసింది ఆ మంగళవారమే. నువ్వు తట్టుకోలేవని దాచాను. ఊరంతా ఆయన మీద పడుతుంటే, ఆ జోడీ నేనేనని చెప్పెయ్యండి మహానుభావా అని బతిమాలాను. ‘మీ అక్కకి ఈ సంగతి నువ్వు చెప్పాలి, ఊరు చెప్పకూడదు’ అన్నారు.”

“నాకు కబురు చేస్తే పరుగున వచ్చేదాన్ని కదరా! ఆ వేళ ఒంటరిగా...”

“ఒంటరిగా లేనక్కా” అన్నాడు డెస్మండ్. “మత్తు దిగి కళ్లు తెరిచేసరికి, నువ్వు కూర్చోవలసిన కుర్చీలో ఆయన కూర్చుని ఉన్నారు.”