చెనిక్కాయ పొట్టు

రూపశ్రీ గోతాంలో చెయ్యి పెట్టి తీస్తే వేళ్లకు ఎర్రమట్టి అంటింది.

"నాయనా, ఇది మన చేని పొట్టేనా?"

"మనదే పాపా. వడమాలపేట మిషన్లో ఒలిపించి తెచ్చినా," అన్నాడు మునిరామయ్య.

ఈ తిరుపతి ల్యాబులోనే ఆమె చెనిక్కాయ పొట్టును, అంటే వేరుశనగ పొట్టును, కాల్చి కార్బన్ చేస్తుంది. పోయినేడు ఆ కార్బన్‌తో చేసిన సోడియం-ఆక్సిజన్ బ్యాటరీ రెండొందలసార్లు చార్జయింది. ఈ కొత్త పొట్టుతో చేసింది పట్టుమని పదిసార్లు నిలవడం లేదు.

"పోయినేడు కూడా మిషన్దేగా?"

"యాడ మిషను! మీ అమ్మే ఒలిచింది. పొట్టులో మట్టి ఉండకూడదని నువ్వొకసారి అంటివంట. ఒక్కో కాయా కొంగుతో తుడిచి తుడిచి ఒలిచింది. ఆస్పత్రి మంచం మీద కూడా ఒళ్లో చేట పెట్టుకోని అదే పని. నీకు చెప్పద్దనింది."

అమ్మ పోయి నాలుగు నెలలు. రూపశ్రీ బల్లవైపు తిరిగింది. అక్కడ అచ్చుకు పంపాల్సిన పరిశోధన వ్యాసం తెరిచి ఉంది. తను రాసిన వాక్యమే కంటబడింది:

"పొట్టును శుభ్రం చేయలేదు. రైతు ఇంటి నుంచి ఎలా వచ్చిందో అలాగే వాడాము."