మనుషులకు వాడరాదు

"ఒక్క సీసా చాలమ్మా. ఫ్రీజర్‌లో కింది అర, ఎడమ పక్కన ఉంటాయి. ఒకటి తగ్గితే కొంప మునిగిపోదు" అన్నాడు ఆయన.

టెక్నీషియన్ చుట్టూ చూసింది. రిసెప్షన్‌లో వాళ్లిద్దరే ఉన్నారు.

ఆమె ఈ ల్యాబ్‌లో చేరి నెల కూడా కాలేదు. ఆయన్ని మాత్రం అప్పుడే బాగా ఎరుగును. సాయంత్రమయ్యేసరికి వచ్చి గోడవారగా కుర్చీలో కూర్చుంటాడు. బయటివాళ్లను గేటు దాటనివ్వని వాచ్‌మన్ కూడా ఆయన వస్తే పక్కకు తప్పుకుంటాడు. జాలిపడి ఉంటాడని ఆమె అనుకుంది.

ఆయన కూతురికి పుట్టుకతోనే ఒంట్లో ఒక ప్రోటీన్ తయారు కాదు. పోయినేడు ఇల్లంతా పరుగులు పెట్టిన పిల్ల ఇప్పుడు గోడ పట్టుకుని నడుస్తోంది. ఆ జబ్బుకు మందు ఇంకా పుట్టలేదు. ప్రోటీన్ మాత్రం ఈ ల్యాబ్ ఫ్రీజర్ నిండా ఉంది. మనిషి జన్యువును బ్యాక్టీరియాలో పెట్టి, దాని చేత తయారు చేయించినది. ప్రతి సీసా మీదా ఒకటే మాట: పరిశోధనకు మాత్రమే, మనుషులకు వాడరాదు.

మనిషి ప్రోటీనే. మనుషులకే కూడదు. చదువుకున్నది కాబట్టి కారణం ఆమెకు తెలుసు. తనూ ఒక పిల్లవాడి తల్లి కాబట్టి మింగుడుపడలేదు.

"ఈ ల్యాబ్ నడిపే మేడమ్‌నే అడగకపోయారా?"

"అడిగి అడిగి నోరు పడిపోయింది. ఆవిడ వినే రకం కాదు. అందుకే మిమ్మల్ని అడుగుతున్నా."

మర్నాడు ఆమే ధైర్యం చేసి అడిగింది. మేడమ్ మైక్రోస్కోపు మీంచి తలెత్తలేదు.

"ఆయన పంపాడా?"

"పాపం, చిన్నపిల్ల మేడమ్..."

"ఎంత శుభ్రం చేసినా ఇందులో బ్యాక్టీరియా విషం కాస్త మిగిలే ఉంటుంది. గాజు పళ్లెంలో కణాలకు ఫరవాలేదు. రక్తంలోకి ఎక్కిస్తే ముందు జ్వరం, తర్వాత బీపీ పడిపోతుంది. ఆ తర్వాత చేసేదేమీ ఉండదు."

"కొంచెమే ఎక్కిస్తే?"

"కొంచెమంటే ఎంతో నీకు తెలుసా?"

"తెలీదు మేడమ్."

"నాకూ తెలీదు. ఆ పిప్పెట్ ఇలా ఇవ్వు."

అంతే, మాట అయిపోయింది. ఆ రోజు నుంచి టెక్నీషియన్ మనసులో ఆవిడకు ఐసుగడ్డ అని పేరు పెట్టుకుంది. ఆవిడ సెలవు రోజు కూడా వచ్చి ఆ ప్రోటీన్ ముందే కూర్చుంటుంది. మధ్యాహ్నం తినాల్సిన అన్నం డబ్బాను మూత తీయకుండానే ఇంటికి పట్టుకుపోతుంది. సీసాల మీద ఉన్న ప్రేమలో పావు వంతు మనుషుల మీద ఉంటే ఎంత బాగుండును అనుకుంది.

కొన్నాళ్లకు ఆయన మామూలు కంటే ముందే వచ్చాడు. కళ్లు ఎర్రగా ఉన్నాయి.

"ఎక్కించడానికి తెలిసిన నర్సు ఒకామె ఒప్పుకుందమ్మా. ఇవాళ పాప చెంచా కూడా పట్టుకోలేకపోయింది."

టెక్నీషియన్‌కు తన కొడుకు గుర్తొచ్చాడు. మెట్లు ఒక్కొక్కటిగా దిగమంటే వాడికి కోపం. ఆమె ఇంకేమీ ఆలోచించలేదు. లోపలికి వెళ్లింది. కింది అర, ఎడమ పక్క. సీసాను ఐసు సంచిలో పెట్టి కోటు జేబులో వేసుకుంది.

వసారా మలుపులో మేడమ్ నిలబడి ఉంది. చెయ్యి చాచింది.

టెక్నీషియన్ సంచి ఆ చేతిలో పెట్టింది. ఉద్యోగం ఎలాగూ పోయినట్టే, కడుపులో మాట దాచుకోవడం దేనికని కక్కేసింది.

"ఆ పాప ఇవాళ చెంచా కూడా పట్టుకోలేకపోయిందట మేడమ్."

మేడమ్ సంచి మీంచి తలెత్తింది. "ఏ చెయ్యి?"

ఇంతమాటకు ఈవిడ అడిగేది ఇదా? టెక్నీషియన్‌కు ఒళ్లు మండిపోయింది.

"నాకు తెలీదు. మీకే ఒక పిల్ల ఉంటే ఇలా అడగరు."

మేడమ్ వెనక్కి తిరిగి ల్యాబ్‌లోకి నడిచింది. సీసాను ఫ్రీజర్‌లో దాని చోట పెట్టింది. తాళం వేసి రెండుసార్లు లాగి చూసింది. చేతులు కడుక్కుని, కోటు విప్పి కొక్కేనికి తగిలించింది. హ్యాండ్‌బ్యాగు భుజాన వేసుకుని రిసెప్షన్ వైపు నడిచింది. ఆయన్ని చెడామడా తిట్టి పంపేస్తుందేమోనని టెక్నీషియన్ వెనకే పరుగెత్తింది.

ఆయన లేచి నిలబడ్డాడు. టెక్నీషియన్ ఖాళీ చేతుల వంక చూసి తల వంచుకున్నాడు.

మేడమ్ ఆయన దగ్గరగా వెళ్లి, ఎప్పటి గొంతుతోనే అంది: "అత్తయ్య ఫోన్ చేశారు, పాప మనిద్దరి కోసం ఏడుస్తోందట, బండి తీయండి."