మూసేసిన వాల్వు

నీళ్ల వాల్వు మూసేస్తే పది నిమిషాల్లో పడవ ఇంజను వేడెక్కి పట్టేస్తుంది. బావమరిది పథకమంతా ఇంతే.

పడవలకి ఇంజన్లు బిగించడంలో బావ చెయ్యి తిరిగిన మెకానిక్. బావ షెడ్డులో బావమరిదికి ఆరేళ్లుగా దక్కిన పదవల్లా స్పానర్లు అందించడం. "నీకు పని చెప్పేకంటే నేనే చేసుకోవడం నయంరా" అని బావ రోజుకోసారి దెప్పుతాడు. అదీ అక్క ఎదురుగానే! ఒళ్లు మండిపోదూ?

అందుకే మొన్న టీ కొట్టు దగ్గర, ముక్కు మీద పుట్టుమచ్చ ఉన్న ఒకాయన పక్కకి పిలిచి, "శుక్రవారం ట్రయల్లో మీ బావ పడవ ఆగిపోవాలి. ఆగిందా, మా వర్క్‌షాపులో హెడ్ మెకానిక్‌వి నువ్వే" అనగానే బావమరిది ఎగిరి గంతేశాడు.

ట్రయల్ నెగ్గితే బావకి ఇరవై పడవల ఆర్డరు. లేదంటే షెడ్డు మూతే. అది తలుచుకుంటే అక్క మొహం గుర్తొచ్చి మనసు చివుక్కుమంది గానీ, హెడ్ మెకానిక్ అన్న మాట ముందు అదెంతసేపు నిలుస్తుంది?

పడవ అడుగున ఉన్న రంధ్రంలోంచి నీళ్లు వాల్వు దాటి పంపులోకి వస్తాయి. పంపు వాటిని ఇంజను చుట్టూ తిప్పి చల్లబరిచి, వెనక గొట్టంలోంచి బయటికి పంపేస్తుంది. బావ డ్రాయింగు పరిచి రెండు గంటలు చెప్పిన పాఠంలో బావమరిది చెవికెక్కింది ఇంతే. మిగతాదంతా ఆవులింతలు. అయితేనేం, చెడగొట్టడానికి ఆమాత్రం చాలు.

శుక్రవారం పొద్దున్నే బావ, "కొనేవాళ్లకి ఎదురెళ్తున్నా, పడవ దగ్గర నువ్వుండరా" అని వెళ్లాడు. బావమరిది పడవ అడుగు చెక్క ఎత్తి, వాల్వు మూసి బిగించి, పిడి ఊడదీసి నీళ్లలోకి గిరాటేశాడు. ఆరేళ్లలో ఇంత శ్రద్ధగా ఏ పనీ చెయ్యలేదు. తర్వాత డీజిలు డ్రమ్ముల వెనక నక్కి, పడవ కదిలి గట్టు వదిలాకే తల బయటపెట్టాడు.

పది నిమిషాలు. ఇరవై. గంట! పడవ కళ్లముందే చక్కర్లు కొడుతోంది. పొగ లేదు, చప్పుడులో తేడా లేదు. వెనక గొట్టంలోంచి నీళ్లు ధారగా పడుతూనే ఉన్నాయి. ఇదేం మాయరా నాయనా అని గోళ్లు కొరుక్కుంటూ కూర్చున్నాడు.

పడవ తిరిగొచ్చింది. బావ గట్టు మీదికి దూకి తిన్నగా డ్రమ్ముల దగ్గరికే వచ్చాడు.

"బయటికి రారా, ఆర్డరు మనదే!"

"అదెలా బావా? వాల్వు..." బావమరిది నాలుక్కరుచుకున్నాడు.

"ఒక దారి మూసుకుపోతే పంపు రెండో దారిలోంచి నీళ్లు లాక్కునేలా పెట్టానని చెప్పలా? నువ్వు వింటేగా!"

ఇంతలో పడవ దిగిన పెద్దమనిషి వాళ్ల దగ్గరికి వచ్చాడు. ముక్కు మీద పుట్టుమచ్చ. బావమరిది మళ్లీ డ్రమ్ముల వెనక్కి నక్కబోయాడు.

"కొనేది నేనేనయ్యా" అంటూ ఆయన బావమరిది భుజం తట్టాడు. "సొంత మనిషే పూనుకుని చెడగొట్టినా ఆగని ఇంజనైతేనే కొంటానన్నాను. అంతటి మనిషి ఎవరున్నారని అడిగితే, మీ బావ ఒక్క క్షణం కూడా ఆలోచించకుండా నీ పేరు చెప్పాడు."