లవంగాల దీవికి వచ్చిన ఓడ

సముద్రం నడుమ ఒక లవంగాల దీవిని పావురం సుల్తాను ఏలేవాడు. మసీదు గుమ్మటం మొదలు రేవు మెట్ల దాకా అక్కడ అన్నీ లవంగాలు అమ్మి కట్టుకున్నవే.

ఒకనాడు గూడకొంగ షావుకారు ఓడ దిగాడు. "మీ లవంగాలన్నీ రెట్టింపు ధరకు నేనే కొంటాను హుజూర్. ఆ ధర నిలవాలంటే మాత్రం మీ ఏలుబడిలోని పక్క దీవి లవంగం చెట్లు కొట్టించాలి," అన్నాడు.

వజీరు రుఖియా గోరింకకు ఈకలు నిక్కబొడుచుకున్నాయి. "కొనేవాడికి ధర తగ్గకూడదన్న బెంగ ఏమిటి హుజూర్? లవంగాల కోసం వచ్చినవాడి ఓడలో అన్ని వడ్రంగిపిట్టలెందుకు?" అని సుల్తాను చెవిలో ఊదింది.

"నీకు నీ నీడ మీద కూడా అనుమానమే, రుఖియా!" అని నవ్వి, సుల్తాను ఒప్పందం మీద కాలిముద్ర వేశాడు.

పక్క దీవి బోడిదైపోయింది. మరుసటి ఏడు వడ్రంగిపిట్టలు సుల్తాను తోటలోనే వాలాయి.

"మా దేశంలో ధర పడిపోతోంది. ఇక్కడా కొన్ని కొట్టాలి," అన్నాడు గూడకొంగ.

మొదటి ముక్కుపోటు యువరాజు చెట్టు మీద పడింది. ఆ దీవుల్లో పిల్ల పుట్టగానే దాని పేర లవంగం మొక్క నాటుతారు. చెట్టు కూలితే పిల్ల బతకదని వాళ్ళ నమ్మకం.

"ఆపండి! అది నా బిడ్డ ప్రాణం!" అని సుల్తాను కేక పెట్టాడు.

గూడకొంగ తాపీగా గొంతు సంచి సవరించుకున్నాడు.

"పక్క దీవిలో ప్రతి తల్లీ ఇలాగే అరిచింది హుజూర్. మీ ముద్ర చూపించాక ఊరుకున్నారు."