ఎనిమిది బిందెల సముద్రం

కామేశ్వరమ్మ మోచెయ్యి నీళ్ళలో ముంచి కళ్ళు మూసుకుంది. చంటిపిల్లలకు లాల పోసేప్పుడు వేడి చూసే పద్ధతి అది. మోచేతికి ఏమీ తెలియకూడదు. ఈసారి చురుక్కుమంది. చల్లటి ఉప్పునీళ్ళు మరో రెండు చెంబులు కలిపి, వేలు ముంచి నాలిక మీద రాసుకుంది. చిన్నప్పుడు భీమిలిలో మాఘస్నానానికి దిగి, అల విరుచుకుపడితే మింగిన నీళ్ళ రుచి ఆవిడకింకా గుర్తే. ఉప్పు సరిగ్గా అంతే ఉండాలి.

నీళ్ళు ముందు గదిలో బల్ల మీదున్న గాజు తొట్టి కోసం. నలుగురు మోసుకొచ్చిన ఆ తొట్టిలో అయిదు సముద్రపు చేపలున్నాయి. అవి భర్త శ్రీహరిరావు పైఆఫీసరు జగన్నాథరావుగారివి. ఆయన భార్యతో బొంబాయి వెళుతూ మూడు వారాలకని ఇక్కడ పెట్టించారు. వారానికోసారి సగం నీళ్ళు తోడేసి, కొత్తగా ఉప్పు కలిపిన నీళ్ళు గోరువెచ్చగా పోయాలి. సగమంటే ఎనిమిది బిందెలు. పుష్యమాసపు చలిలో పంపునీళ్ళు ముట్టుకుంటే వేళ్ళు కొంకర్లు పోతున్నాయి.

ఆవిడ భయమంతా ఇంటి దూలం గురించి. లాల్‌దర్వాజాలో వాళ్ళు అద్దెకుంటున్న ఆ పాత ఇంటి దూలానికి నిలువునా పగులుంది. అది పిల్లల నెత్తిన పడుతుందని నెలకోసారి వాళ్ళ పక్కలు జరుపుతూ వచ్చింది. జరిగి జరిగి ఆ పక్కలిప్పుడు వీధి గుమ్మం దాకా వచ్చాయి. కంచన్‌బాగ్‌లో ఆఫీసు క్వార్టరు ఒక్కటే ఖాళీ అయింది. ఎవరికివ్వాలో రాయాల్సింది జగన్నాథరావుగారే.

"చేపల సంగతి తేలాక క్వార్టరు సంగతి చూద్దామన్నారు," అని శ్రీహరిరావు మొదటిరోజే చెప్పాడు.

ఆ మాట విన్నప్పటి నుంచి ఆవిడకు కంటిమీద కునుకు లేదు. పిల్లి దూరుతుందని కిటికీకి తట్ట అడ్డం పెట్టింది. చలేస్తుందని సాయంత్రమయ్యేసరికి తొట్టి చుట్టూ బొంత కప్పింది. శ్రీహరిరావు ఆఫీసు నుంచి రాగానే బొంత తీసేసేవాడు, గాలాడాలి కదా అని. తర్వాత వంగి చేపల్ని లెక్కపెట్టి, అయిదూ ఉన్నాయని చూసి నిట్టూర్చేవాడు. పాపం, ఆయనకీ ఎంత బెంగో అనుకునేదావిడ.

"ఎందుకే ఈ అవస్థ? చన్నీళ్ళే పోసెయ్యి. సముద్రం కింద ఎవరైనా పొయ్యి పెట్టారా?" అన్నాడొకసారి.

"పైన సూర్యుడు లేడుటండీ?" అందావిడ, పుల్లలు ఎగదోస్తూ.

తన కష్టం చూడలేకే కాబోలు, రెండో వారం ఆయనే ఎక్కడినుంచో పెద్ద రాగి కాగు తెచ్చిపెట్టాడు. అందులో అయితే నీళ్ళు ఒక్క వాయిలో కాగుతాయన్నాడు. కాగు లోపల కళాయి లేదు. పులుసైనా ఉప్పైనా కళాయి లేని రాగిలో పడితే విషమని పుట్టింట్లో నేర్పిన మాట. కానీ మొగుడు పనిగట్టుకుని తెచ్చాడు. ఎటూ తేలక నిలబడితే, ఇంటి యజమానురాలు ఆండాలు గోడ మీదుగా తొంగి చూసింది. వాళ్ళది పాల వ్యాపారం.

"రాగి దాంట్ల ఉప్పు నీళ్లేందక్కా? చిలుం లేస్తది. చాపలన్నీ సస్తయి. మా పాలు కాగబెట్టే సత్తు దేక్సా ఉన్నది, తీస్కపో. ఫికర్ జేయకు."

శ్రీహరిరావు కాగు విసురుగా ఎత్తుకుని వెనక్కి ఇచ్చేసొచ్చాడు. నొచ్చుకున్నాడని ఆవిడ ఆ పూట ఆయనకిష్టమైన వంకాయ కారం పెట్టి వండింది.

అదే వారం పసుపు చేప పక్కకు ఒరిగిపోయింది. కామేశ్వరమ్మకు దూలం విరిగినట్టే, పిల్లలు దాని కింద ఉన్నట్టే కళ్ళకు కట్టింది. శ్రీహరిరావు మాత్రం ఆ సాయంత్రం రెండోసారి కాఫీ అడిగి తాగాడు, ఏదో కూనిరాగం కూడా తీశాడు. తనకు ధైర్యం చెప్పడానికే మగవాడు దిగులు దిగమింగుకున్నాడని ఆవిడకు కళ్ళు చెమర్చాయి.

"దానికెంత రాసిపెట్టుంటే అంత. వదిలెయ్," అన్నాడు.

ఆవిడ వదలలేదు. ఎనిమిది బిందెలూ మళ్ళీ కాచింది. మోచెయ్యి ముంచి, రుచి చూసి, చెంబు చెంబుగా పోసింది. తెల్లారేసరికి పసుపు చేప నిటారుగా లేచి తోక ఆడించింది. అది చూసి శ్రీహరిరావు కుర్చీలో కూలబడ్డాడు. సంతోషం పట్టలేకేననుకుంది.

మూడు వారాలూ గడిచిన ఆదివారం పొద్దున జగన్నాథరావుగారు, భార్య విమలాదేవి వచ్చారు. విమలాదేవి గడపలోనే చేపల్ని లెక్కపెట్టి కామేశ్వరమ్మ చేతులు పట్టుకుంది.

"మా ఇంట్లో కూడా ఇంత కళగా లేవమ్మా. నాలుగేళ్ళ నుంచి ప్రతి ఆదివారం మా ఆయనే స్వయంగా కాచి పోస్తారు. ఒక్క వారం మాననివ్వను. ఇవి పోతే మళ్ళీ తెచ్చుకునే ఓపిక నాకు లేదని ముందే చెప్పేశాను."

జగన్నాథరావుగారు తొట్టి ముందు నిలబడి చేపల వంక అలాగే చూస్తుండిపోయారు. కామేశ్వరమ్మకు ఆ చూపు కూడా మెప్పులాగే తోచింది.

విమలాదేవి నీళ్ళు కాచిన దేక్సా చూస్తానని పెరట్లోకి నడిచింది. కామేశ్వరమ్మ కాఫీ గ్లాసులు పళ్ళెంలో సర్దుకుని, క్వార్టరు మాట తనే కదుపుదామని ధైర్యం చేసి ముందు గది పరదా దాకా వచ్చింది. లోపల జగన్నాథరావుగారు గొంతు తగ్గించి మాట్లాడుతున్నారు.

"అవి చస్తేనే క్వార్టరన్నాను కదయ్యా, శ్రీహరిరావ్."