ముందు బండి

"తెలంగాణ బంద్ గదా మేడమ్, మెయిన్ రోడ్డు వద్దు. నానక్‌రామ్‌గూడ ఊర్లకెళ్లి పోదాం. నేను బైకు మీద ముందు పోత, మీ క్యాబు నా ఎన్కాల రానియ్యుండ్రి," అన్నాడు ఆఫీసు గార్డు సంపత్.

"మెడలో గులాబీ కండువా చూశారా? మనల్ని నేరుగా ఆ బంద్ చేసేవాళ్ల చేతుల్లో పెడతాడండి," క్యాబులోంచి గొణిగాడు తేజ.

టీమ్ లీడర్ ఉమాశ్రీకీ అదే అనుమానం. "ఇళ్లకు ఎలా వెళ్తారో మీ ఇష్టం" అని ఇందాకే తప్పుకున్న మేనేజరుకు మళ్లీ ఫోన్ కలపబోయింది.

సంపత్ ఆ ఫోను వంకే చూశాడు. "నాకూ ఒక అనుమానముంది మేడమ్. మీకోసం మావోళ్లకు అడ్డం నిలవడ్డంక, మీరు భయపడి క్యాబు ఎన్కకు మలిపి నన్నొక్కన్నే ఇడిశిపెట్టరు గదా?"

ఉమాశ్రీ ఫోను సంచిలో పడేసింది.

"తేజా, క్యాబు మా వెనకే రానివ్వు," అంటూ వెళ్లి సంపత్ బైకెక్కింది.